గోడ కూడా యాంటెన్నాలో భాగమే

పోయిన నెల ఈ పేజీలో ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు కొట్టే, చుట్టచుడితే చుట్టుకుపోయే వైఫై యాంటెన్నాల గురించి నాలుగు ముక్కలు రాశాను. రాసింది నాలుగు ముక్కలే గానీ ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు సంచెడు వచ్చాయి. వాటిలో సగం మంది అడిగింది ఒకటే, "ఫ్లెక్సిబుల్ యాంటెన్నా అంటే మన సెంటర్లో పుట్టినరోజులకి కట్టే ఫ్లెక్సీ మీద కొట్టేదా?" అని. కాదండీ. ఆ ఫ్లెక్సీ పీవీసీ, మెత్తగా ఉండడానికి అందులో కలిపే పదార్థాలు రేడియో తరంగాన్ని కొంత తినేస్తాయి. వంగుతుంది కదా అని ఏదిపడితే అది పనికిరాదు. మిగిలినవాటిలో ఆరు ప్రశ్నలు తీసుకున్నాను.

మాది విజయనగరంలో పెళ్లికార్డుల షాపు మాస్టారూ. ఇరవై ఏళ్లుగా స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్నాం. ఇప్పుడు శుభలేఖలు అందరూ ఫోన్లోనే పంపేసుకుంటున్నారు, పని సగానికి పడిపోయింది. ఇంజనీరింగ్ చదివే మావాడు "నాన్నా, ఇదే స్క్రీన్ మీద వైఫై యాంటెన్నాలు కొట్టొచ్చు" అంటున్నాడు. నిజమేనా, నన్ను ఆటపట్టిస్తున్నాడా?

నిజమే చెబుతున్నాడు. "శ్రీరస్తు శుభమస్తు" అని మీరు బంగారు రంగులో కొట్టే పనికీ దీనికీ పద్ధతిలో తేడా లేదు. అదే ఫ్రేము, అదే ఎమల్షన్, అదే స్క్వీజీ. ముఖ్యంగా మారేది ఇంకు. మీ బంగారు ఇంకుకి మెరుపే తప్ప కరెంటు పారించే గుణం లేదు, కావాలంటే ఒక పాత కార్డు తీసి మల్టీమీటర్ పెట్టి చూడండి. యాంటెన్నాకి వాడేది వెండి పేస్టు, అంటే కంటికి కనిపించనంత చిన్న వెండి పలుకులను జిగురులో కలిపిన ముద్ద.

వెండి అనగానే కంగారు పడకండి. 6 సెంటీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మైక్రాన్ల మందం ఉన్న గీత అనుకుందాం, అది మొత్తం శుద్ధ వెండే అని లెక్క వేసినా గ్రాములో యాభయ్యో వంతు కూడా రాదు. డబ్బు పోయేది యాంటెన్నా మీద కాదు, స్క్రీన్‌కి అంటుకుని మిగిలిపోయే పేస్టు మీద. ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు, కార్డుల దగ్గర ఇంకు వృథా పోతే మీరు ఎంత గొణుక్కుంటారో నేను చూశాను.

అంత పలచటి పూత ఎలా సరిపోతుందంటే, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కరెంటు లోహం లోపలికి దిగదు, పైపైనే పారుతుంది. రాగిలో ఆ లోతు సుమారు 1.3 మైక్రాన్లు, మన తల వెంట్రుక మందంలో యాభయ్యో వంతు. ప్రింటు వేసిన వెండి, పోత పోసిన వెండంత బాగా కరెంటును పారనివ్వదు, పలుకుకీ పలుకుకీ మధ్య జిగురు ఉంటుంది కదా, అందుకని దానికి నాలుగైదు మైక్రాన్లన్నా కావాలి. మీ స్క్రీన్ ఒక్క లాగుడుకే అంతకన్నా ఎక్కువ వేసేస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటర్ అయితే ఒకే గీత మీద పదే పదే తిరగాలి. ఈ విషయంలో ఖరీదైన మిషన్ కన్నా మీ చెక్క ఫ్రేమే నయం.

ఇబ్బందులు వేరేచోట ఉన్నాయి. కార్డులకి వాడే సన్న మెష్‌లోంచి వెండి పలుకులు సరిగ్గా దిగవు, కన్నాలు మూసుకుపోతాయి, కాస్త ముతక మెష్ పెట్టాలి. కార్డును తాడు మీద ఆరేసినట్టు ఆరేస్తే కూడా కుదరదు, చాలా పేస్టులకి 120, 130 డిగ్రీల దగ్గర పావుగంట నుంచి అరగంట వేడి తగలాలి, అప్పుడే పలుకులు ఒకదానికొకటి అంటుకుంటాయి. మొదటిసారి నేను మామూలు ఓహెచ్‌పీ షీటు మీద కొట్టి ఓవెన్‌లో పెడితే అప్పడంలా ముడుచుకుపోయి బయటికొచ్చింది, మా ఆవిడ నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తే. తర్వాత తెలిసింది, ఖాళీ షీటును ముందే ఒకసారి వేడిచేసి, ముడుచుకునేదేదో ముడుచుకున్నాక అప్పుడు ప్రింటు కొట్టాలని. ఇంకోమాట, అన్నం వండుకునే ఓవెన్ దీనికి వాడకండి.

ప్రింటు అయ్యాక వైరు అతకడం మరో తలనొప్పి. టంకం ముక్కు 300 డిగ్రీలు దాటుతుంది, పాలిస్టర్ షీటు దాని ముందు నిలబడదు, కరిగిపోయి కన్నం పడుతుంది. కరెంటు పారే ఎపాక్సీ జిగురుతో అతకాలి. పాలీఇమైడ్ అని పసుపుపచ్చ షీటు ఉంటుంది, పాడైపోయిన సెల్‌ఫోన్ విప్పితే లోపల సన్నటి పట్టీల్లా కనిపించేది అదే, దానికి టంకం వేడి ఒక లెక్క కాదు, కానీ ధర ఎక్కువ.

ఇక వ్యాపారం మాటకొస్తే, షాపుల్లో బట్టలకి అంటించే ట్యాగుల్లాంటివి ఫ్యాక్టరీల్లో రోల్స్ రోల్స్ తయారవుతాయి, వాళ్లతో పోటీకి దిగితే మునుగుతారు. కానీ రాజాం, టెక్కలి, చింతలవలస కాలేజీల పిల్లలకి ప్రాజెక్టుల కోసం పది, ఇరవై ముక్కలు కావాలంటే దగ్గర్లో కొట్టిచ్చేవాళ్లు లేరు. మీరు మొదలుపెట్టాల్సింది అక్కడ. మొదట్లో పేస్టు చిన్న డబ్బాయే కొనండి, మూత తీశాక ఎక్కువకాలం ఉండదు.

నేను పదో తరగతి, బొబ్బిలి. యాంటెన్నా పొడవు ఇంతే ఉండాలని ఎందుకు? పెద్దది పెడితే ఎక్కువ సిగ్నల్ రాదా?

బొబ్బిలిలో ఉండి ఈ ప్రశ్న అడిగావంటే జవాబు మీ ఊళ్లోనే ఉంది బాబూ. వీణ మీద అదే తీగ, వేలు ఎక్కడ నొక్కితే ఆ స్వరం. తీగ సగానికి నొక్కితే పై షడ్జమం, అంటే రెండింతల ఫ్రీక్వెన్సీ. యాంటెన్నా కూడా అంతే, పొడవును బట్టి దానికి సొంత స్వరం ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, అందులో సగం, అంటే 6 సెంటీమీటర్ల లోహపు గీతను మధ్యలో తెంపి, ఆ తెగిన చోట వైరు కలిపితే అదే డైపోల్, యాంటెన్నాలన్నిటికీ అక్షరాభ్యాసం లాంటిది. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి 3 సెంటీమీటర్ల కన్నా కాస్త తక్కువ చాలు. ఎఫ్ఎం రేడియోకి మీటరున్నర కావాలి, ఫోన్లో ఎఫ్ఎం పెడితే ఇయర్‌ఫోన్ గుచ్చమని అడిగేది అందుకే, ఆ తీగనే అది యాంటెన్నాగా వాడుకుంటుంది. పొడవు తప్పిన యాంటెన్నా శ్రుతి తప్పిన తీగ, పెద్దదైనంత మాత్రాన లాభం లేదు.

వీణలో ఇంకో సంగతి ఉంది. తీగ ఒక్కటీ గాల్లో కట్టి మీటితే ఏమీ వినపడదు, పనస కుండ ఉంటేనే నాదం. యాంటెన్నా కింద ఉన్న వస్తువు కూడా ఊరికే ఉండదు. పోలిక పూర్తిగా కుదరదులే, వీణలో కుండ మారితే నాదం మారుతుంది గానీ స్వరం మారదు, ఇక్కడ స్వరమే మారిపోతుంది. కింద టెక్కలి అబ్బాయికి ఇచ్చిన జవాబు చదువు.

మాస్టారూ, మాది నరసన్నపేట దగ్గర పాత పెంకుటిల్లు, రెండడుగుల మందం మట్టిగోడలు. ముందు గదిలో వైఫై బాగానే ఉంటుంది, వంటింట్లో చుక్క రాదు. మీరు రాసిన స్టిక్కర్ యాంటెన్నా ఒకటి వంటింటి గోడకి అంటిస్తే వస్తుందా?

రాదమ్మా. పోయిన నెల నేను సరిగ్గా రాయకపోవడం వల్ల మీలాంటివాళ్లు చాలామంది ఇలాగే అనుకున్నారు, తప్పు నాదే. యాంటెన్నా సిగ్నల్‌ను పుట్టించదు, పెంచదు. వైరు ద్వారా వచ్చినదాన్ని గాల్లోకి వదులుతుంది, గాల్లోంచి వచ్చినదాన్ని వైరులోకి పంపుతుంది, అంతే దాని ఉద్యోగం. ఏ వైరుకీ కలపకుండా గోడకి అంటిస్తే గోడకి అందం, ఇంట్లోవాళ్లకి అనుమానం తప్ప ఏమీ ఉండదు. ఈ ప్రింటెడ్ యాంటెన్నాలు మీలాంటివాళ్ల కోసం కాదు, వైఫై పెట్టె, గదిలో వేడి చెప్పే సెన్సారు, తలుపు గంట లాంటివి చవగ్గా తయారుచేసేవాళ్ల కోసం.

మీ ఇంటికి చేయాల్సింది వేరే. ఆ పెట్టెను ముందు గది మూల నుంచి తీసి నడవలోకి, వీలైనంత ఎత్తులో పెట్టించండి. బీరువా పక్కన, నీళ్ల బిందెల వెనకాల, పెద్ద అద్దం దగ్గర వద్దు, లోహం సిగ్నల్‌ను తిప్పికొడుతుంది, నీళ్లు తాగేస్తాయి. చెమ్మ పట్టిన మట్టిగోడ కూడా తాగుతుంది, వానాకాలంలో మీకు ఇంకా తక్కువ వస్తుంటే కారణం అదే కావచ్చు. ఫోన్లో మీ వైఫైకి 2.4, 5 అని రెండు పేర్లు కనిపిస్తే మీ మందపాటి గోడలకి 2.4 వాడండి. అప్పటికీ రాకపోతే రెండడుగుల గోడతో కుస్తీ ఎందుకు, ఇరవై మీటర్ల లాన్ కేబుల్ దూలాల మీదుగా తెచ్చి వంటింట్లో రెండో రౌటర్ పెట్టించుకోండి. టెక్నాలజీ గొప్పలు చెప్పే నేను మా ఇంట్లో చేసింది ఇదే.

ఖర్చు లేని చిట్కా ఒకటుంది. రౌటర్ వీధి గోడకి ఆనుకుని ఉంటే సగం సిగ్నల్ వీధిలోకి పోతున్నట్టే. వంచిన అట్టముక్కకి వంటింటి అల్యూమినియం రేకు చుట్టి పెట్టె వెనకాల, వీధి వైపు నిలబెట్టండి, అటు పోయేది కొంత ఇటు తిరుగుతుంది. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీవాళ్లు 2017లో ఇంటి నమూనాను బట్టి ఇలాంటి వంపులను కంప్యూటర్‌తో లెక్కగట్టి, రేకు అంటించి పరీక్షించారు కూడా. అయితే అరుగు మీద కూర్చుని ఫోన్ చూసే పెద్దాయనకి సిగ్నల్ తగ్గుతుంది, ఆయన అలిగితే నా పూచీ లేదు.

సిరిమాను జాతరలో ఒక కొట్లో వంద రూపాయలకి "సిగ్నల్ పెంచే, రేడియేషన్ తగ్గించే స్టిక్కర్" కొన్నాను. ఫోన్ వెనకాల అంటించాను. ఇదీ ప్రింటెడ్ యాంటెన్నాయేనా? – గజపతినగరం

పైడితల్లమ్మ దయవల్ల వందతోనే పోయింది. ఫోన్ లోపలి సర్క్యూట్‌కి కలవని బంగారు గీతలు ఏ లెక్కన సిగ్నల్ పెంచుతాయి? పైగా అది నిజంగా లోహమైతే ఫోన్ లోపలున్న అసలు యాంటెన్నా శ్రుతి చెడుతుంది, సిగ్నల్ తగ్గితే టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఇంకా ఎక్కువ పవర్ వదులుతుంది, అంటే రేడియేషన్ తగ్గడం పోయి పెరుగుతుంది. పీకేయండి. మొబైల్ సిగ్నల్ బూస్టర్ పెట్టెల జోలికి కూడా పోవద్దు, అనుమతి లేకుండా అవి పెట్టడం నేరం, చుట్టుపక్కలవాళ్ల ఫోన్లు కూడా దెబ్బతింటాయి.

సర్, టెక్కలిలో ఈసీఈ ఫైనలియర్. పాలిస్టర్ షీటు మీద 2.45 గిగాహెర్ట్జ్‌కి మెలికలు తిప్పి బాగా కుదించిన డైపోల్ యాంటెన్నా డిజైన్ చేశాను. సిమ్యులేషన్‌లో అద్భుతంగా ఉంది. ప్రింటు తీసి ల్యాబ్ గోడకి అంటిస్తే 2.1 దగ్గర పలుకుతోంది, చేతికి చుడితే అసలు జాడే లేదు. రివ్యూ దగ్గరపడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. తప్పు ఇంకుదా, నాదా?

ఇంకుది కాదు. నువ్వు గాల్లో వేలాడే యాంటెన్నాను డిజైన్ చేశావు, తీసుకెళ్లి గోడకి అంటించావు. సిమ్యులేషన్‌లో గోడ గీశావా? గీసి ఉండవు. ఇటుక గోడలో తరంగం నిదానంగా నడుస్తుంది, దాంతో అదే పొడవు గీత తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర పలుకుతుంది. రేకుల బీరువాకి అంటిస్తే ఇంకా అన్యాయం, లోహంలో దాని ప్రతిబింబం ఎదురు తిరిగి దీన్ని నొక్కేస్తుంది. అందుకే నేను పిల్లలకి ముందు ఒకటే అడుగుతాను, దేని మీద అంటిస్తావో చెప్పు, తర్వాత డిజైన్ చూస్తాను అని.

దీనికి రోజూ కళ్ల ముందు కనిపించే సాక్ష్యం కారు అద్దం మీది ఫాస్టాగ్. అది కూడా చవకైన, వంగే, పలచటి యాంటెన్నాయే, మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య పలుకుతుంది. ఆ ఫ్రీక్వెన్సీకి సగం తరంగం అంటే 17 సెంటీమీటర్లు, కానీ స్టిక్కర్ అంత పొడవుండదు, గీతను పాములా మెలికలు తిప్పి ఇరికించారు. బ్యాటరీ లేదు, పైనున్న రీడర్ పంపే తరంగం నుంచే పవర్ తీసుకుని జవాబు చెబుతుంది. దాన్ని శ్రుతి చేసింది గాజు మీద అంటించి ఉంటుందని లెక్క వేసుకునే. అద్దానికి అంటించకుండా జేబులోంచి తీసి చేత్తో చూపించేవాళ్లకి గేటు లేవకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, అలాంటివాళ్ల ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెడతామని హైవే అథారిటీ 2025 జూలైలో చెప్పింది కూడా.

రెండో తప్పు గీతను అంతగా కుదించడం. 2.4 వైఫై బ్యాండ్ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు, అంటే నూటికి మూడున్నర వంతు వెడల్పు. అంతగా కుదించిన యాంటెన్నాకి ఆ మాత్రం బ్యాండ్‌విడ్త్, అంటే అది బాగా పలికే ఫ్రీక్వెన్సీల వెడల్పు, రావడమే గగనం, అది ఏ కాస్త కదిలినా బ్యాండ్ బయట పడుతుంది. కోప్లేనార్ ఫీడ్ ఉన్న మోనోపోల్ వేసుకో, అంటే డైపోల్‌లో ఒక సగమే గీతగా ఉంచి, రెండో సగం బదులు గ్రౌండ్ పెట్టేది. సిగ్నల్ గీత, గ్రౌండ్ రెండూ ఒకే వైపున ఉంటాయి, ఒక్క లాగుడులో ప్రింటు అయిపోతుంది, బ్యాండ్‌విడ్త్ కూడా ధారాళంగా వస్తుంది, వంగినా, కొంచెం జరిగినా ఇంకా బ్యాండ్ లోపలే ఉంటుంది. రివ్యూకి వారమే ఉంటే ప్రింటు కూడా వద్దు, రాగి టేపు తెచ్చి బ్లేడుతో కోసి చూడు. మొదట నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువే ఉంచి కొసలు కొంచెం కొంచెం కోస్తూ రా, కోసింది మళ్లీ అతకదు. గోడకీ షీటుకీ మధ్య సెంటీమీటరు థర్మోకోల్ ముక్క పెట్టు, థర్మోకోల్ రేడియోకి దాదాపు గాలితో సమానం, అప్పుడు 2.1కి జారినది చాలావరకు వెనక్కి వస్తుంది.

ఇంకో మాట, దీన్ని చాలామంది గైడ్లు కూడా వదిలేస్తారు. ఎస్11, అంటే యాంటెన్నాకి పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరిగొచ్చిందో చెప్పే కొలత, మైనస్ 10 డీబీ వచ్చిందని సంబరపడకు. పంపినదాంట్లో పదో వంతే వెనక్కి వచ్చిందని మాత్రమే దాని అర్థం. మిగిలింది గాల్లోకి పోయిందో, చెత్త ఇంకులోనో తడిగోడలోనో వేడిగా మారిపోయిందో అది చెప్పదు. 50 ఓంల రెసిస్టర్ పెట్టి చూడు, ఎస్11 ఎంత అందంగా వస్తుందో, అది యాంటెన్నానా? అదే ఆకారంలో రాగి టేపుతో ఒక జోడీ చేసి, ఒకే చోట పెట్టి, ఫోన్లో వైఫై సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలిచి రెండూ పోల్చు. ప్రింటుది 3 డీబీ తక్కువ వచ్చిందనుకో, సగం పవర్ పోయినట్టు, వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ ఆరుబయట లెక్కన 30 మీటర్లు అందేది 21 మీటర్లు అందుతుంది. ఇంట్లో సెన్సారు ఉండేది ఆరేడు మీటర్ల లోపే, అది చాలు. ఇళ్లలో చవక యాంటెన్నా నడిచిపోయేది ఈ లెక్క వల్లే, రివ్యూలో ఇది చెప్పు, ఎదుటివాళ్లు ఒక్క నిమిషం ఆలోచనలో పడతారు. ఎస్11 కొలిచే చిన్న మీటరు నానోవీఎన్ఏ కొంటే మాత్రం 3 గిగాహెర్ట్జ్ వరకు కొలిచే రకం చూసుకో, చవకవి చాలా 1.5 దగ్గరే ఆగిపోతాయి.

వంచేటప్పుడు వెండి గీత వంపు లోపలి వైపు ఉండేలా వంచు, బయటి వైపు ఉంటే సాగి పగుళ్లు పడతాయి. ఇక చేతికి చుడితే జాడ లేదంటావా, చెయ్యంటే ఉప్పునీళ్ల సంచీ, ఆ గొడవ కింది ప్రశ్నలో.

మాది పొందూరు. నేత పని. మా ఖద్దరు మీద ఇలాంటివి ప్రింటు కొట్టొచ్చా? ఏదో కొత్త రకం చేస్తే నాలుగు డబ్బులొస్తాయేమోనని.

వాలుగ చేప దవడతో దూది ఏకి, అంత సన్నం నూలు వడికి నేసిన బట్ట మీద వెండి పేస్టు పులమాలంటే నాకే మనసొప్పదు, కానీ అడిగారు కాబట్టి చెబుతాను. నేరుగా ప్రింటు కొడితే నూలు పోగులు పేస్టును పీల్చేసుకుంటాయి, గీత అక్కడక్కడా తెగుతుంది, బట్ట రెండుసార్లు మడత పెడితే పూర్తిగా పోతుంది. బట్టకి కుదిరేది కరెంటు పారే దారంతో ఎంబ్రాయిడరీ, వెండి పూత పూసిన నైలాన్ దారం దొరుకుతుంది. ఇంట్లో ఉన్న జరీతో చేద్దామనుకుంటారేమో, ముందు మల్టీమీటర్ పెట్టండి, ఈ రోజుల్లో వచ్చే జరీ చాలావరకు మెరిసే ప్లాస్టిక్కే, మీటర్ పలకదు.

అసలు చిక్కు నూలు తడిని పట్టుకోవడం. పొడి నూలు బట్ట రేడియో తరంగానికి దాదాపు అడ్డు కాదు, నీరు అలా కాదు, తరంగం వేగాన్ని గాలిలో కన్నా ఇంచుమించు తొమ్మిదో వంతుకి తగ్గించేస్తుంది. చెమట పట్టిన చొక్కాలో యాంటెన్నా శ్రుతి గంటకోలా ఉంటుంది. ఒంటికి ఆనుకుంటే ఒళ్లు కూడా తరంగాన్ని మింగుతుంది, దానికి వెనకాల ఇంకో పొర కరెంటు పారే బట్ట వేసి, మధ్యలో దళసరి ఫెల్ట్ పెట్టాలి. అప్పుడది పొందూరు పంచెలా ఉండదు, పరుపులా ఉంటుంది.

ఒంటి మీద బట్టలు వదిలేసి గోడకి వేలాడదీసే బట్ట, కిటికీ తెర, దీపం చుట్టూ పెట్టే గుడ్డ లాంటివి ఆలోచించండి. గోడకి నాలుగు వేళ్ల దూరంలో వేలాడే తెర మీద ఎంబ్రాయిడరీ డైపోల్, దాని వైరు కింద చిన్న సెన్సారు పెట్టెలోకి, అది పొడిగా ఉంటుంది, ఎవరి ఒంటికీ తగలదు, చూడ్డానికి డిజైన్‌లాగే ఉంటుంది. దారం కుట్టాక చివర్ల మధ్య ఎన్ని ఓంలున్నాయో రాసుకోండి, ఉతికాక మళ్లీ కొలవండి, పెరిగితే ఆ దారం వద్దు. గంజి మాత్రం పెట్టకండి, గంజి గాల్లో తేమను పట్టి ఉంచుతుంది, మన సముద్రపు గాలికి అది ఎప్పటికీ పూర్తిగా ఆరదు.